కలియుగ భీముడు కోడి రామ్మూర్తి నాయుడు

బొగ్గుగనుల పట్టణమగు కొత్తగూడెమున బలమనగా నేమో పిల్లలకు వేరుగ చెప్పనక్కరలేదు. కండబలముతో కుటుంబములను పోషించిన తండ్రులను, తాతలను వారెరుగుదురు. అయినను, బలము పుట్టుకతో వచ్చునా, సాధనచే వచ్చునా అను సందేహము ప్రతి పాఠశాల ఆటస్థలమునను కలుగుచునే యుండును. బక్కపలుచని బాలుడు గట్టున కూర్చుండి, అది తనకు దైవమీయని వరమని నిరాశ చెందును. అట్టి బాలునకు చెప్పదగిన జీవితము కోడి రామ్మూర్తి నాయుడుగారిది. జగత్ప్రసిద్ధుడగు మల్లుడు కాకమునుపు ఆయన బడిపిల్లలకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయుడు.

నాయుడుగారు 1882లో శ్రీకాకుళ ప్రాంతమందలి వీరఘట్టమున జన్మించిరి. 2022 నుండి ఆ యూరు పార్వతీపురం మన్యం జిల్లాలో చేరియున్నది. తండ్రి వెంకన్న నాయుడు. పసితనముననే తల్లి గతించుటచే ఆయన విజయనగరమున పినతండ్రి నారాయణస్వామిగారి యింట పెరిగిరి. అక్కడ పుస్తకములకంటె కసరతు ఆయనను ఎక్కువగ నాకర్షించెను. తెల్లవారకముందే లేచి దండెములు, బస్కీలు తీయుట, గోదాలో కుస్తీ పట్టుట నిత్యకృత్యమయ్యెను. పిదప మద్రాసునందలి సైదాపేటలో ఒక సంవత్సరము వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమునకు మరలివచ్చి ఉన్నత పాఠశాలలో శిక్షకుడైరి.

అవి పరపాలన దినములు. భారతీయులు దుర్బలులను అపవాదు నాడు పాలకవర్గమున ప్రబలియుండెను. ఐరోపాకు చెందిన బలశాలి శాండో 1904-05లో మన దేశమున పర్యటించి ప్రదర్శనలిచ్చెను. సర్కసు విద్య మాత్రము అప్పటికే మనవారి చేతికి వచ్చియుండెను. 1880లోనే విష్ణుపంత్ ఛత్రే తొలి భారతీయ సర్కసును నెలకొల్పియుండెను. నాయుడుగారును పొట్టి పంతులుగారి సహకారముతో సొంత సర్కసు స్థాపించి, ఊరూర తమ బలమును ప్రదర్శించిరి.

రెండు మోటారుకార్లను గొలుసులతో తన భుజములకు కట్టించుకొని, అవి కదలకుండ నిలిపెడివారు. రొమ్మునకు ఉక్కుగొలుసు చుట్టించుకొని, నిండుగ ఊపిరి పీల్చి దానిని తెంపెడివారు. రొమ్ముపై పలక నుంచుకొని ఏనుగును నిలుపుకొనెడివారు. పలక బరువును దేహమంతట పంచును. నిండిన శ్వాస రొమ్మును దృఢముగ నిలుపును. ఇందు మాయ లేదు, మంత్రము లేదు. ఏండ్ల తరబడి చేసిన ప్రాణాయామమే ఆయన రహస్యము. తొలినాడే ఏనుగు నెక్కించుకొన్నవాడు బ్రదుకడు. చిన్న బరువుతో మొదలిడి క్రమక్రమముగ పెంచినవాడే నిలుచును.

ప్రజలాయనను కలియుగ భీముడనిరి, మల్లమార్తాండుడనిరి. లండనులో ఐదవ జార్జి దంపతుల యెదుట ఆయన ప్రదర్శన మిచ్చి ఇండియన్ హెర్క్యులిస్ అను బిరుదమందినట్లు ప్రతీతి. ఆర్జించిన ధనమును జాతీయోద్యమమునకును, పేదలకును ధారాళముగ నిచ్చిరని పెద్దలు చెప్పుదురు. భారతమందలి భీముని బలము శత్రుసంహారమునకు వినియోగపడెను. ఈ భీముని బలము మాత్రము చూచువారికి ధైర్యము గలిగించుటకే వినియోగపడెను.

కాని ఏనుగును మోసిన దేహమును వ్యాధి జయించెను. కాలికి కలిగిన పుండు ముదిరి, ఆ కాలు తీసివేయవలసి వచ్చెను. ఆ శస్త్రచికిత్సను మత్తుమందు లేకయే ప్రాణాయామబలముతో భరించిరని జనశ్రుతి. కడపటి దినములు ఒడిశాలోని బలాంగీర్‌లో గడిపి, 1942 జనవరిలో అచ్చటనే తనువు చాలించిరి. నాడు సర్కసు డేరా లేదు, చప్పట్లు లేవు.

నేడు విశాఖ సాగరతీరమున ఆయన విగ్రహ మున్నది. శ్రీకాకుళమున ఆయన పేర క్రీడాప్రాంగణమున్నది. అయినను ఉపాధ్యాయులు పిల్లలకు చూపవలసినది ఏనుగు నెత్తిన రొమ్మును గాదు. తెల్లవారుజామున ఎవరును చూడని వేళ కసరతు చేసిన విజయనగరపు బాలుని చూపవలయును. గట్టున కూర్చున్న బాలుడు లేచి గోదాలోనికి దిగుటకు ఆ బాలుని కథ చాలును.