ధర్మా కుమార్

రాజుల చరిత్రకు శాసనాలున్నాయి. కవుల చరిత్రకు కావ్యాలున్నాయి. మిరపకాయలు ఏరడానికి ఏటా ప్రాణహిత దాటి వెళ్ళే సిరొంచ వైపు కూలీల వంటివారి చరిత్రను ఎక్కడ వెదకాలి? అటువంటి వారి గతాన్ని వెదకడానికి ఎన్నో ఏళ్ళు వెచ్చించిన ఆర్థిక చరిత్రకారిణి ధర్మా కుమార్.

ఆమె 1928లో ఒక తమిళ కుటుంబంలో జన్మించారు. తండ్రి కె. వెంకటరామన్ పేరుపొందిన రసాయన శాస్త్రవేత్త. పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాలకు సంచాలకులుగా పనిచేశారు. ధర్మా కుమార్ కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రం అభ్యసించి, స్వదేశంలో కొంతకాలం రిజర్వు బ్యాంకులో ఉద్యోగం చేశారు. ఆ తరువాత పరిశోధన కోసం మళ్ళీ కేంబ్రిడ్జి చేరారు.

ఆమె ఎంచుకున్న విషయం 19వ శతాబ్దంలో మద్రాసు రాజధానిలోని వ్యవసాయ కూలీల స్థితి. కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆనాడు మద్రాసు రాజధానిలోనివే. పూర్వం గ్రామంలో దాదాపు అందరికీ ఎంతో కొంత భూమి ఉండేదనీ, ఆంగ్లేయుల పాలనలో చేతిపనులు దెబ్బతిని, రైతులు అప్పులపాలు కావడం వల్లనే కూలీల వర్గం పుట్టిందనీ అప్పట్లో పలువురు పండితులు భావించేవారు. వినడానికి ఇది సబబుగానే తోస్తుంది. ఆమె మాత్రం లెక్క చూడనిదే ఒప్పుకోలేదు.

కాని 1800 నాటి కూలీలను లెక్కించినవారెవరు? జనాభా లెక్కలు 1871కి గాని స్థిరపడలేదు. అందుచేత ఆమె కలెక్టర్ల పాత నివేదికలను ఓపికగా చదివారు. తరతరాలుగా పరుల పొలాల్లో పనికి కట్టుబడిన కులాలేవో గుర్తించి, వారి సంఖ్యను బట్టి వెనుకటి కూలీల సంఖ్యను అంచనా కట్టారు. 19వ శతాబ్దారంభంలోనే జనాభాలో నూటికి 10 నుండి 15 మంది వ్యవసాయ కూలీలని తేలింది. అంటే భూమిలేని కూలి ఆంగ్లేయుల కంటె ముందే ఉన్నాడు. అతన్ని భూమికి దూరం చేసినది కులం. కొన్నిచోట్ల అది బానిసగానే ఉంచింది. 1843 నాటి చట్టంతో న్యాయస్థానాలు బానిసత్వాన్ని గుర్తించడం మానాయి. అయినా అప్పు తీరని జీతగాడు యజమాని గడప విడిచి ఎక్కడికి పోగలడు? కొందరు సింహళానికి, బర్మాకు, మారిషస్‌కు ఓడలెక్కారు.

ఈ పరిశోధన 1965లో గ్రంథంగా వెలువడింది. ఆమె దొరలను వెనకేసుకొచ్చారని కొందరు నిందించారు. అది సరికాదు. పరాయి పాలన మంచిదని ఆమె వాదించలేదు. మన దోషాన్ని కూడ లెక్కలో చేర్చారు. ఒక కులంలో పుట్టినవారంతా కూలీలేనా అన్న విమర్శకు మాత్రం బలముంది. ఆ చర్చ చాలాకాలం సాగింది.

తరువాత ఆమె ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో బోధించారు. భారత ఆర్థిక, సామాజిక చరిత్రకు సంబంధించిన ప్రసిద్ధ పత్రికకు సుదీర్ఘకాలం సంపాదకత్వం వహించారు. కేంబ్రిడ్జి వారి భారత ఆర్థిక చరిత్ర రెండవ సంపుటం 1983లో ఆమె సంపాదకత్వంలోనే వెలువడింది. 2001లో ఆమె కన్నుమూశారు.