లోపలికి వెళ్ళి చూసిన మనిషి: మైకేల్ ఫారడే

మైకేల్ ఫారడే అనగానే మనకు డైనమో, విద్యుదయస్కాంత ప్రేరణ గుర్తొస్తాయి. కదలకుండా నిలిచి ఉన్న విద్యుదావేశం లోహ వస్తువుల్లో ఎక్కడ చేరుతుందో అందరి ముందూ చేసి చూపించినది కూడా ఆయనే. ఆ ప్రయోగం చేసిన తీరులోనే ఆయన స్వభావమంతా కనిపిస్తుంది.

1791 సెప్టెంబరు 22న, ఇప్పుడు దక్షిణ లండన్‌లో భాగమైన న్యూయింగ్టన్ బట్స్‌లో ఒక పేద కమ్మరి ఇంట ఫారడే పుట్టారు. బడిలో ఆయనకు అబ్బింది చదవడం, రాయడం, కాస్త లెక్కలు, అంతే. పదమూడో ఏట జార్జ్ రీబో అనే పుస్తకాల వ్యాపారి దగ్గర పనికి కుదిరారు. మరుసటి ఏడాది అక్కడే బైండింగు పని నేర్చుకోవడానికి ఏడేళ్ళ ఒప్పందం మీద చేరారు. కుట్టడానికి వచ్చిన పుస్తకాలను కుట్టి ఊరుకోలేదు, చదివారు కూడా. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికాలో విద్యుత్తు గురించిన వ్యాసం, జేన్ మార్సెట్ రాసిన రసాయనశాస్త్ర పుస్తకం ఆయనకు గురువులయ్యాయి. చదివినదాన్ని చేతనైనంతలో ప్రయోగం చేసి సరిచూసుకోవడం అప్పుడే అలవాటైంది.

1812లో దుకాణానికి వచ్చే ఒకాయన ఇచ్చిన టికెట్లతో రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో హంఫ్రీ డేవీ ఉపన్యాసాలు విన్నారు. నోట్సు రాసుకొని, బొమ్మలు వేసి, స్వయంగా బైండు చేసి డేవీకే పంపారు. 1813 మార్చిలో ప్రయోగశాల సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. దాదాపు అర్ధ శతాబ్దం ఆ సంస్థే ఆయన లోకం.

ఆవేశపరచిన వెండి పాత్ర లోపలికి దారంతో దించిన బెండు బంతిని పాత్ర ఆకర్షించడం లేదని బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1755 నాటికే గమనించారు. ఫారడేకి ఆ పరిశీలన ఒక్కటే చాలలేదు. ఎదురుగా సమానమైన వ్యతిరేక ఆవేశం లేకుండా, ఒకే రకం ఆవేశాన్ని విడిగా నిలపగలమా అన్నది ఆయన ప్రశ్న. 1836 జనవరిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ఉపన్యాస మందిరంలో ప్రతి వైపూ 12 అడుగులుండే చెక్క చట్రం కట్టించారు. దానికి రాగి తీగలు అల్లి, కాగితం, తగరపు రేకు తొడిగి, నేలతో విద్యుత్ సంబంధం లేకుండా బంధకాల మీద నిలిపారు. విద్యుత్ యంత్రంతో ఆ గదికి ఆవేశం ఎక్కిస్తుంటే బయటి గోడల నుంచి మెరుపులు చిమ్ముతున్నాయి. ఫారడే వెలిగించిన కొవ్వొత్తులు, సున్నితమైన విద్యుద్దర్శినులు తీసుకొని లోపలికి వెళ్ళి కూర్చున్నారు. ఆ పరికరాల్లో చలనమే లేదు. బయట అంత హడావుడి, లోపల ఏమీ లేదు.

కారణం ఈనాడు మన విద్యార్థులకు పాఠమే. లోహంలో ఆవేశాలు స్వేచ్ఛగా కదలగలవు. లోహం లోపల విద్యుత్ క్షేత్రం ఏ కొంచెం ఉన్నా అది ఆవేశాలను నెడుతుంది. క్షేత్రం సున్నా అయ్యేదాకా అవి సర్దుకుంటూనే ఉంటాయి. సర్దుకున్నాక, ఎక్కించిన ఆవేశమంతా బయటి ఉపరితలం మీదే మిగులుతుంది. పిడుగు పడినప్పుడు కారులో ఉన్నవాళ్ళను టైర్ల రబ్బరు కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కాపాడేది చుట్టూ ఉన్న లోహపు బాడీ. దానికి ఫారడే పంజరమనే పేరు ఈ గది వల్లే వచ్చింది.

1843లో ఇంకా చిన్న సామానుతో ఇంకో ప్రయోగం చేశారు. ఐసు పెట్టుకునే లోహపు బకెట్‌ను బంధకం మీద ఉంచి, దాని బయటి వైపును స్వర్ణపత్ర విద్యుద్దర్శినికి కలిపారు. ఆవేశమున్న ఇత్తడి గోళాన్ని పట్టుదారంతో లోపలికి దించారు. బంగారు రేకులు విడిపోయాయి. గోళం బాగా లోపలికి దిగాక అటూ ఇటూ జరిపినా ఆ ఎడం మారలేదు. అడుగుకు తాకించినా మారలేదు. పైకి తీసి చూస్తే గోళంలో ఆవేశం బొత్తిగా లేదు. అంటే గోళం మీద ఎంత ఆవేశముందో సరిగ్గా అంతే వ్యతిరేక ఆవేశం బకెట్ లోపలి గోడ మీద, అంతే సజాతి ఆవేశం బయటి గోడ మీద ప్రేరితమయ్యాయి. తాకించినప్పుడు లోపలివి రెండూ చెల్లుకు చెల్లు అయ్యాయి. బకెట్టూ గోళమూ ఉంటే ఏ బడిలోనైనా చేసి చూపగల ప్రయోగమిది.

ఫారడేకి పెద్ద గణితం రాదు. చుట్టూ ఉన్న చోటంతా బలరేఖలతో నిండి ఉన్నట్టు ఊహించుకొని ఆలోచించేవారు. ఆ ఊహలకు గణితరూపం ఇచ్చినవారు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్.

పేరు వచ్చాక సర్ బిరుదును కాదన్నారు. రాయల్ సొసైటీ అధ్యక్ష పదవినీ వద్దన్నారు. పిల్లలకు చెప్పే క్రిస్మస్ ఉపన్యాసాలు మాత్రం వదల్లేదు. 1827, 1860ల మధ్య 19 సార్లు ఆ ఉపన్యాసమాల ఇచ్చారు. 1867 ఆగస్టు 25న హాంప్టన్ కోర్టులో కన్నుమూశారు. కెపాసిటర్ల మీద కనిపించే ఫారడ్ అనే ప్రమాణం ఆయన పేరే.

బడిలో కొద్ది కాలమే కూర్చున్న ఫారడే ఎందరో పిల్లలకు పాఠం చెప్పారు. మనకు బడీ దొరికింది, గురువులూ దొరికారు. పుస్తకంలో ఉన్నది నిజమేనా అని లోపలికి వెళ్ళి చూసే ఆ అలవాటును ఈ బడి పిల్లలకు అందించగలిగితే, యాభై ఏళ్ళ పండుగకు అంతకు మించిన కానుక లేదు.