ఏలుట నేర్చుకొనిన రాజు: ఆల్ఫ్రెడ్ జీవిత చరిత్ర



సొలొమోను రాజైనప్పుడు తాను బాలుడననియు, జనులను నడిపించు విధము తనకు తెలియదనియు దేవుని యెదుట ఒప్పుకొనెను. అతడు ధనము నడుగలేదు, వివేకము నడిగెను. మొదటి రాజుల గ్రంథము మూడవ అధ్యాయములోని ఈ సంగతి మన సంఘములలో చిన్నబిడ్డలును ఎరుగుదురు. అయితే సొలొమోనునకు తండ్రి గెలిచి యిచ్చిన రాజ్యము దొరికెను. ఈ నెల మనము తలంచుకొనబోవు ఆల్ఫ్రెడ్‌కు దొరికినది నాలుగు దిక్కుల మంట అంటుకొనిన ఇల్లు. ఆ యింటిలో నిలిచి అతడు ఏలుట ఎట్లు నేర్చుకొనెనో చూతము.

వెయ్యి సంవత్సరములకు పైబడిన మాట ఇది. అప్పుడు ఇంగ్లండు ఒకే దేశముగా ఉండలేదు. నార్తంబ్రియా, మెర్సియా, ఈస్టు ఆంగ్లియా, వెస్సెక్సు అను నాలుగు రాజ్యములు ముఖ్యమైనవిగా ఉండెను. దక్షిణమున నున్న వెస్సెక్సు ఆల్ఫ్రెడ్ వంశమువారిది. దాని జనులలో ఎక్కువమంది సేద్యము చేసికొని బ్రతుకువారు. సముద్రము ఆవలనుండి డేనులు అను జనులు ఓడలమీద వచ్చి, నదుల వెంబడి లోపలికి చొచ్చి, ఊళ్లు తగులబెట్టి, మఠములను దోచుకొని పోవుచుండిరి. 865లో వచ్చిన దండు మాత్రము దోచుకొని పోలేదు, అక్కడనే నిలిచిపోయెను. 867లో నార్తంబ్రియా రాజులిద్దరు యార్కు పట్టణమువద్ద కూలిరి. 869లో ఈస్టు ఆంగ్లియా రాజైన ఎడ్మండు చంపబడెను. ఆ తరువాత ఆ దండు వెస్సెక్సువైపు తిరిగెను.

ఆల్ఫ్రెడ్ 849 ప్రాంతమున వాంటేజి అను చోట పుట్టెను. ఏథెల్వుల్ఫు రాజు కుమారులలో అతడు కడపటివాడు. తనకు పైన అన్నలు ఉన్నందున సింహాసనము తనకు వచ్చునని ఎవరును తలంచలేదు. అతని చరిత్ర వ్రాసిన ఆస్సరు అను వేల్సు దేశపు బోధకుడు ఒక చిన్న సంగతి చెప్పుచున్నాడు. తల్లియైన ఓస్బర్గు ఒకనాడు అందమైన పద్యముల పుస్తకమును చూపి, దానిని ముందుగా నేర్చుకొనిన కుమారునికే అది దక్కునని చెప్పెను. చదువురాని చిన్న ఆల్ఫ్రెడ్ దానిని గురువునొద్దకు తీసికొనిపోయి, చదివించుకొని, కంఠస్థము చేసి తల్లికి ఒప్పగించెను. అయినను చదువు అతనికి సరిగా అబ్బలేదు. నేర్చుకొను వయస్సులో నేర్పువారు లేరనియు, నేర్పువారు దొరికిన కాలమునకు వ్యాధియు రాజ్యభారమును మీదపడెననియు అతడు జీవితకాలమంతయు విచారించుచుండెను.

అన్నలు ఒకరి తరువాత ఒకరు ఏలి చనిపోయిరి. 871వ సంవత్సరము వెస్సెక్సునకు కన్నీటి సంవత్సరము. జనవరిలో ఆష్‌డౌను అను చోట అన్నయైన ఏథెల్రెడ్‌తో కలిసి ఆల్ఫ్రెడ్ గెలిచెను గాని, తరువాత వరుసగా ఓటములు కలిగెను. ఈస్టరు పండుగ కడచిన వెంటనే అన్న చనిపోయెను. అన్న కుమారులు పసివారు. కాబట్టి సుమారు ఇరువది రెండేండ్ల ఆల్ఫ్రెడ్ రాజాయెను. నెల దినములు కాకముందే విల్టను అను చోట కొద్దిమంది మనుష్యులతో యుద్ధము చేసి ఓడిపోయెను. ఆ యేడు ముగియకముందు డేనులతో సంధి చేసికొనెను. ధనమిచ్చియే ఆ సంధి కొని యుండునని చరిత్రకారులు తలంచుచున్నారు.

ఈ సంధిని మనము తొందరపడి నిందింపవద్దు. అతనికి కొంత కాలము కావలసియుండెను. అయితే కొనిన సమాధానము నిలువలేదు. 876లో డేనులు మరల వచ్చి వేర్హామును పట్టుకొనిరి. తాము పవిత్రముగా ఎంచు కంకణముమీద ప్రమాణము చేసి, రాత్రివేళ మాట తప్పి ఎక్సెటరునకు పోయిరి. ఆ మరుసటి యేట తుఫానులో వారి ఓడలు నూట ఇరువది స్వానేజి యొద్ద నాశనమైనందున వెస్సెక్సు తాత్కాలికముగా తప్పించుకొనెను. ఆల్ఫ్రెడ్ కూడ ఊపిరి పీల్చుకొని యుండును. చెరువు గట్టునకు గండి పడవలసియుండగా వాన నిలిచిపోయిన యెడల, గట్టు గట్టిదేయని మనము భ్రమపడుదుము గదా!

878 జనవరిలో, ప్రకటన పండుగ కడచిన వెంటనే, గండి పడనే పడెను. గుత్రుము అను డేనుల నాయకుడు చలికాలపు నడిమధ్య చిప్పెన్‌హాముమీద పడి దానిని వశము చేసికొనెను. ఆ కాలమున ఎవరును యుద్ధము చేయరని అందరును నిశ్చింతగా ఉండిరి. జనులు అనేకులు లొంగిపోయిరి. కొందరు సముద్రము దాటి పారిపోయిరి. నాలుగేండ్ల క్రిందట మెర్సియా రాజు బర్గ్రెడ్ ఈలాటి కష్టములోనే రాజ్యమును విడిచి రోమునకు పోయి, అక్కడనే కన్నుమూసెను. ఆ దారి ఆల్ఫ్రెడ్‌కు కూడ తెరచియుండెను. చిన్ననాడు అతడు రోమును చూచినవాడే. అయినను అతడు పోలేదు. కొద్దిమందితో సోమర్సెటు సీమలోని అడవులలోను బురద నేలలలోను దాగి తిరిగెను. ఈస్టరు నాటికి అథెల్నీ అను చోట, చుట్టును చిత్తడి నేల, నడుమ కొంచెము మెరకగా నున్న దిబ్బమీద చిన్న కోట కట్టుకొనెను. సౌలునకు భయపడి అదుల్లాము గుహలో దాగిన దావీదు ఇక్కడ మనకు జ్ఞాపకము వచ్చును.

ఈ దినములలో ఒక పసులకాపరి యింట రాజు తలదాచుకొనెననియు, పొయ్యిమీద రొట్టెలు మాడనిచ్చి ఇల్లాలిచేత చీవాట్లు తినెననియు ఒక కథ కలదు. ఇది అతడు చనిపోయిన తరువాత చాలకాలమునకు పుట్టిన కథ. దానిని నిజమని చెప్పలేము. గాని జనులు తమ రాజును ఒక పేదరాలి మందలింపును సహించినవాడుగా జ్ఞాపకముంచుకొనగోరిరని మాత్రము అది తెలుపుచున్నది.

మే నెలలో ఆల్ఫ్రెడ్ బయటికి వచ్చెను. సోమర్సెటు, విల్టుషైరు, హాంప్షైరు సీమల మనుష్యులు అతనిని చూచి సంతోషించి కూడివచ్చిరి. ఎడింగ్టను అను చోట డేనులు ఓడి, తమ కోటలోనికి పారిపోయి, పదునాలుగు దినముల ముట్టడి తరువాత ఆకలికిని చలికిని తాళలేక లోబడిరి. మూడు వారములు గడచిన పిమ్మట గుత్రుము తన ముఖ్యులతో వచ్చి, అథెల్నీ దగ్గర అల్లరు అను చోట బాప్తిస్మము పొందెను. ఆల్ఫ్రెడ్ అతనికి జ్ఞానపిత యాయెను. పండ్రెండు దినములు అతిథిగా ఉంచుకొని బహుమానములిచ్చి పంపెను. ఇందులో రాజనీతి కొంత ఉండెను, కాదనము. అయినను తన ఊళ్లు తగులబెట్టినవానిని చంపక కుమారునిగా చేర్చుకొనుట తేలికయైన పని కాదు. గుత్రుము ఈస్టు ఆంగ్లియాకు పోయి అక్కడ స్థిరపడి, 890లో చనిపోయెను.

చాలమంది రాజుల చరిత్ర విజయముతో ముగియును. ఆల్ఫ్రెడ్ చదువు అక్కడనే మొదలాయెను. మరల చలికాలపు రాత్రివంటి ఆపద వచ్చినయెడల ఏమి చేయవలెనని అతడు ఆలోచించెను. రాజ్యమంతట కోట ఊళ్లు ఏర్పరచెను. అతని కుమారుని కాలమునాటి పట్టికలో ఇట్టివి సుమారు ముప్పది కనబడుచున్నవి. వాటిని కాయుటకు ఇరువది ఏడు వేలమంది లెక్కింపబడిరి. ఒక కుటుంబము బ్రతుకగల భూమికి ఒక మనిషి చొప్పున ఆ ప్రాంతపు గ్రామములు పంపవలెను. గోడలో సుమారు అయిదు మీటర్లకు నలుగురు నిలువవలెను. చెరువు గట్టును ప్రతి రైతు తన వంతు మట్టి వేసి కాపాడినట్లే ఇదియు. సైన్యమును కూడ రెండు భాగములు చేసెను. సగము మంది కాపలాలో ఉండగా సగము మంది ఇంటియొద్ద పంట చూచుకొందురు. పొలము ఎండిపోయినచో సైనికునికి కూడుండదని అతనికి తెలియును.

అయితే గోడలు మాత్రమే చాలవని కూడ అతడు గ్రహించెను. తాను రాజైన దినములలో థేమ్సు నదికి దక్షిణమున లాటిను చదివి భావము చెప్పగలవాడు ఒక్కడైనను జ్ఞాపకమునకు వచ్చుట లేదని అతడే వ్రాసియున్నాడు. డేనులు గ్రంథాలయములను కాల్చకముందే, వాటిలోని పుస్తకములు చదువగలవారు లేకపోయిరని అతని దుఃఖము. అందుచేత మెర్సియానుండి వెర్ఫెర్తును ప్లెగ్మండును, సముద్రము ఆవలినుండి గ్రింబాల్డును యోహానును, వేల్సునుండి ఆస్సరును పిలిపించుకొనెను. 887లో, సుమారు ముప్పది ఎనిమిదేండ్ల వయస్సున, రాజు లాటిను చదువుట మొదలుపెట్టెను. వైద్యులకు అంతుపట్టని వ్యాధి అతనిని పెండ్లినాటినుండి బాధించుచునే యుండెను.

నేర్చుకొనినది అతడు తనలో దాచుకొనలేదు. గ్రెగరీ అను పోపు కాపరుల విధిని గూర్చి వ్రాసిన పుస్తకమును జనులాడు భాషలోనికి మార్చి, తన బిషప్పులకు పంపించెను. కీర్తనలలో మొదటి యేబదియు అతడు తర్జుమా చేసెనని పండితులు చెప్పుదురు. దాసులు కాని జనుల పిల్లలలో వీలుగలవారందరును తమ భాషలో చదువ నేర్వవలెనని కోరెను. తెలుగులో బైబిలు చేతికి వచ్చినందున అక్షరములు నేర్చుకొనిన పెద్దల సంతానమైన మనకు దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అన్నిటికంటె కఠినమైన పని ఇంకొకటి చేసెను. పేదలకు న్యాయము తప్పుచున్నదని విని, న్యాయము తీర్చు పెద్దల తీర్పులను తానే పరీక్షించెను. తెలియక తప్పు తీర్చితిమని చెప్పినవారిని చదువు నేర్చుకొనుడి, లేదా పదవి విడువుడి అని ఆజ్ఞాపించెను. తల నెరసిన యోధులు బడిపిల్లలవలె అక్షరములు దిద్దిరి. బొత్తిగా రానివారు కుమారునిచేతనో సేవకునిచేతనో రాత్రింబగళ్లు చదివించుకొని వినిరి. అతని ధర్మశాస్త్రమునకు ముందు పది ఆజ్ఞలును, నిర్గమకాండములోని న్యాయవిధులును, అపొస్తలుల కార్యములు పదునైదవ అధ్యాయములోని సంగతియు వ్రాయబడియున్నవి. ధనవంతునికి ఒక తీర్పు, దరిద్రునికి ఒక తీర్పు ఉండరాదని అందులో విధించెను.

అతనిలో లోపములు లేవని మేము చెప్పము. అతని రాజ్యములో దాసులు ఉండిరి, అతడు ఆ కట్టు తీసివేయలేదు. అబింగ్డను మఠమువారు తమ భూములు తీసికొనెనని చాలకాలము నిష్ఠూరమాడిరి. మహారాజు అను బిరుదు అతడు బ్రతికియుండగా ఎవరును పెట్టలేదు, అది చాల తరములకు వచ్చినది.

892లో మరల పెద్ద దండు దిగెను. ఈసారి నాలుగేండ్లు తిరిగినను వెస్సెక్సును వంచలేక 896లో అది చెదిరిపోయెను. కట్టిన గోడలును, వంతులవారీగా కాచిన రైతులును నిలిచిరి. 899 అక్టోబరు 26న ఆల్ఫ్రెడ్ చనిపోగా వించెస్టరులో సమాధి చేసిరి. కుమారుడు ఎడ్వర్డును, కుమార్తె ఏథెల్‌ఫ్లెడును ఆ పని కొనసాగించిరి. మనుమడైన అథెల్‌స్టన్ 927లో ఇంగ్లండు అంతటికిని రాజాయెను.

ప్రియులారా, మనకు రాజ్యములు లేవు. గాని ఇల్లు ఉన్నది, సంఘము ఉన్నది, ఊరి తగవులలో మన మాట వినువారు ఉన్నారు. తెలియని సంగతిలో తీర్పు చెప్పి, తరువాత తెలియలేదనుట మనలోను కలదు. పసులు కాయుటకని బిడ్డను బడి మాన్పించుటయు కలదు. ఈ వయస్సులో మాకేమి చదువు అను పెద్దలను మేము ఎరుగుదుము. మా మట్టుకు మేమును ఈ చరిత్ర చదివి సిగ్గుపడితిమి, ఏలయనగా పాత ప్రసంగములనే త్రిప్పి చెప్పిన ఆదివారములు మాకును కలవు. నలువదికి దగ్గరపడిన రాజు, వ్యాధితో, శత్రువుల నడుమ, గురువు ఎదుట కూర్చుండెను. తనకు తెలియదని ఒప్పుకొనుట అతని రాజరికమునకు తక్కువ కాలేదు, అదే దానికి పునాది యాయెను.

ఈ నెలలో ప్రతి కుటుంబమువారును సాయంకాల ప్రార్థనలో నిర్గమకాండము ఇరువది మూడవ అధ్యాయము మొదటి భాగమును కలిసి చదువుడి. చదువ నేర్చిన బిడ్డచేత చదివించి, చదువురాని పెద్దలు వినుడి. ఆ మీదట ఎవరికి మనము న్యాయము తప్పించితిమో, ఏది నేర్చుకొనక మానితిమో ఒకరితో ఒకరు చెప్పుకొనుడి. సొలొమోనునకు వివేకమిచ్చిన ప్రభువు మనకును అనుగ్రహించును గాక. ఆమేన్.