మెల్లమెల్లగా తెరుచుకున్న కళ్ళు: పండిత రమాబాయి

పుణె నుంచి సోలాపూర్ వెళ్ళే రైలు దారిలో కేడ్‌గావ్ అని ఒక చిన్న స్టేషన్ వస్తుంది. ఆ ఊళ్ళో ముక్తి మిషన్ ఉంది. దాన్ని పెట్టింది పండిత రమాబాయి. పాఠ్యపుస్తకాల్లో ఆమె గురించి రెండు ముక్కలే ఉంటాయి. వితంతువుల కోసం బడి పెట్టింది, క్రైస్తవ మతం తీసుకుంది, అంతే. కానీ ఆమె చేతికి మొదటిసారి బైబిల్ వచ్చిన రోజుకీ, నాకు విశ్వాసం దొరికింది అని ఆమె మనసుకి నిజంగా అనిపించిన రోజుకీ మధ్య దాదాపు పదమూడేళ్ళు గడిచాయి. ఆ పదమూడేళ్ళే ఆమె జీవితంలో మనం ఆగి చూడాల్సిన భాగం.

రమాబాయి 1858 ఏప్రిల్ 23న పుట్టింది. పుట్టింది ఇప్పటి కర్ణాటకలో, తుంగ, భద్ర నదులు పుట్టే గంగామూల అడవిలో. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు. ఆడవాళ్ళకి సంస్కృతం చెప్పకూడదు అనే రోజుల్లో ఆయన భార్య లక్ష్మీబాయికి సంస్కృతం నేర్పాడు. తోటి పండితులు తప్పుపట్టినా వెనక్కి తగ్గలేదు. ఆ తల్లి దగ్గరే రమాబాయి చదువుకుంది. తెల్లవారకముందే లేపి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని శ్లోకాలు వల్లె వేయించేదట. పన్నెండేళ్ళు దాటేసరికి భాగవతంలోని వేల శ్లోకాలు ఆ పిల్లకి నోటికి వచ్చాయి.

వాళ్ళకి సొంత ఊరంటూ లేదు. గుళ్ళలో పురాణం చెబుతూ, వచ్చిన దాంతో బతుకుతూ దేశమంతా తిరిగేవాళ్ళు. 1870ల్లో మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు వచ్చింది. ఉన్నదంతా దానాలకీ పూజలకీ ఖర్చుపెట్టారు, ఉపవాసాలున్నారు, దేవుడు కరుణిస్తాడని ఎదురుచూశారు. చివరికి తినడానికి గింజ లేక తిరుపతి దగ్గర అడవుల్లో ఆకులు, నీళ్ళతో రోజులు గడిపారు. 1874లో తండ్రి చనిపోయాడు. కొద్దిరోజులకే రాయచూరులో తల్లి పోయింది. ఆమెని మొయ్యడానికి నలుగురు దొరకలేదు. ఇద్దరు బ్రాహ్మణులు ముందుకొచ్చారు, మూడోవాడు అన్న శ్రీనివాస్. నాలుగో మనిషి పదహారేళ్ళ రమాబాయి. పొట్టిది కావడంతో భుజానికి అందక, పాడె కొసని తలమీద పెట్టుకుని నడిచింది. తర్వాత అక్క కూడా పోయింది.

మిగిలిన అన్నాచెల్లెళ్ళు వేల మైళ్ళు కాలినడకన తిరిగారు. ఆ నడకలోనే ఆమె పాత నమ్మకం కొంచెం కొంచెంగా సడలింది. 1878లో కలకత్తా చేరారు. అక్కడి పండితులు ఆమె సంస్కృతం విని ఆశ్చర్యపోయి, పరీక్షించి మరీ పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు. అప్పటికి ఆమెకి ఇరవై ఏళ్ళు. ఆ ఊళ్ళోనే ఒక క్రైస్తవ సమావేశానికి వెళితే సంస్కృతంలో ఉన్న బైబిల్ చేతికిచ్చారు. తెరిచి చూసింది. అందులో సంస్కృతం తనకి తెలిసిన కావ్యాల భాషలా లేదు. ఏమీ పట్టుబడలేదు, పక్కన పెట్టేసింది. అక్షరం రావడం వేరు, అర్థం కావడం వేరు అని మన క్లాసులో ఎన్నిసార్లు వింటాం! దేశంలోనే పేరున్న పండితురాలికి కూడా ఆరోజు ఆ పుస్తకం మూసిన తలుపే.

అదే కలకత్తాలో కేశవచంద్ర సేన్ ఆమెని వేదాలు కూడా చదవమన్నాడు. ధర్మశాస్త్రాలు చదివేకొద్దీ ఆమెకి ఒక విషయం గుచ్చుకుంది. ఎన్నో విషయాల్లో ఒకదానితో ఒకటి విభేదించే ఆ గ్రంథాలు ఆడవాళ్ళనీ శూద్రులనీ తక్కువ చెయ్యడంలో మాత్రం ఒక్కటయ్యాయని ఆమెకి అనిపించింది. ఒక నమ్మకం పోయింది. దాని స్థానంలో ఇంకొకటి ఇంకా రాలేదు.

1880లో అన్న చనిపోయాడు. అదే ఏడు బిపిన్ బిహారీ దాస్ అనే బెంగాలీ వకీలుని పెళ్ళి చేసుకుంది. కులం వేరు, భాష వేరు. రిజిస్టర్ పెళ్ళి. సిల్చార్‌లో కాపురం. ఇంట్లో పుస్తకాల మధ్య బెంగాలీలో ఉన్న లూకా సువార్త దొరికింది. ఈసారి చదవబుద్ధయింది. ఒక బాప్టిస్టు మిషనరీ వచ్చి వివరించేవాడు. భర్తకి మాత్రం ఆమె క్రైస్తవురాలు కావడం ఇష్టం లేదు. 1881లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో భర్త కలరాతో పోయాడు. ఇరవై నాలుగో ఏడు నిండకముందే, చంకలో పసిబిడ్డతో ఆమె వితంతువయింది.

పుణె వచ్చింది. ఆర్య మహిళా సమాజం పెట్టింది. హంటర్ కమిషన్ ముందు నిలబడి, ఆడవాళ్ళకి లేడీ డాక్టర్లు కావాలి, ఆడపిల్లలకి చదువు చెప్పడానికి టీచరమ్మలు కావాలి అని సాక్ష్యం చెప్పింది. తనే డాక్టర్ అవుదామని 1883లో ఇంగ్లండు వెళ్ళింది. చెవుడు పెరగడంతో ఆ కోరిక తీరలేదు.

ఇంగ్లండులో వాంటేజ్ అనే ఊళ్ళో ఆంగ్లికన్ సిస్టర్ల మఠంలో ఉంది. వాళ్ళు ఒకసారి లండన్ దగ్గర ఫుల్హామ్‌లో తాము నడిపే ఆశ్రమానికి తీసుకెళ్ళారు. సమాజం చెడిపోయినవాళ్ళని వెలివేసిన ఆడవాళ్ళని అక్కడ అక్కాచెల్లెళ్ళలా చూసుకుంటున్నారు. అలాంటివాళ్ళ మీద జాలి చూపించేవాళ్ళని ఆమె అంతకుముందు చూడలేదు. ఎందుకు ఇదంతా చేస్తున్నారని అడిగింది. జవాబుగా ఒక సిస్టర్ యోహాను సువార్తలో యేసు బావి దగ్గర సమరయ స్త్రీతో మాట్లాడిన కథ చెప్పింది. సంస్కృత బైబిల్ తెరవని తలుపు ఆ రోజు కొంచెం తెరుచుకుంది. తోడుగా వచ్చిన స్నేహితురాలు ఆనందీబాయి భగత్ ఆ రోజుల్లోనే ఆత్మహత్య చేసుకుంది. ఆ దుఃఖంలోనే 1883 సెప్టెంబర్ 29న రమాబాయి, చిన్నారి మనోరమ బాప్తిస్మం తీసుకున్నారు.

కథ ఇక్కడ అయిపోయిందనుకుంటాం. నిజానికి గొడవ ఇక్కడే మొదలయింది. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన చర్చి చెప్పిందల్లా తల ఊపి ఒప్పుకునే మనిషి కాదు ఆమె. త్రిత్వం గురించి, కన్య గర్భం గురించి తనని నడిపిస్తున్న సిస్టర్ జెరాల్డిన్‌తో ఉత్తరాల్లో వాదించింది. సిలువ మీద లాటిన్ అక్షరాలు ఎందుకు, మన సంస్కృతం ఉంటే ఏం అంది. ఆమె శాకాహారం మానలేదు. అక్కడివాళ్ళకి అది పొగరుగా కనిపించింది. ఇక్కడివాళ్ళకి ఆమె మతద్రోహి. రెండు వైపులా మాటలు పడుతూనే సొంతంగా బైబిల్ చదవడం ఆపలేదు.

1886లో అమెరికా వెళ్ళింది. మన దేశపు ఆడవాళ్ళ స్థితి మీద ఇంగ్లీషులో పుస్తకం రాసింది. దాంతో స్నేహితులు, డబ్బు సమకూరాయి. 1889లో ముంబైలో శారదా సదన్ తెరిచింది, మరుసటి ఏడు దాన్ని పుణెకి మార్చింది. మొదటి విద్యార్థినుల్లో ఒకరైన గోదూబాయి బాలవితంతువు. ఆమెనే తర్వాత ధోండో కేశవ కర్వే పెళ్ళి చేసుకున్నాడు. ఆడవాళ్ళ కోసం విశ్వవిద్యాలయం పెట్టిన కర్వే ఆయనే.

1891 ప్రాంతంలో, బాప్తిస్మం అయిన ఎనిమిదేళ్ళకి, ఒక ఇంగ్లీషు పాదిరి రాసుకున్న ఆత్మకథ ఆమె చదివింది. చాలాకాలం పాదిరిగా పనిచేశాక గానీ తనకి నిజమైన విశ్వాసం కలగలేదని ఆయన అందులో రాసుకున్నాడు. రమాబాయి తన గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకుంది. తనకి క్రైస్తవ మతం దొరికింది గానీ క్రీస్తు ఇంకా దొరకలేదని తెలుసుకుంది. పేరు మారింది, ప్రార్థన మారింది, లోపల మాత్రం తన తెలివి మీదే ఆధారపడి ఉంది. అప్పుడు ఆ భారం దించుకుని, తనని తాను అప్పగించుకుంది. అందరూ క్రైస్తవురాలనే అనుకుంటున్నప్పుడు, నాకు ఇంకా కనపడటం లేదు అని ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. ఆమె జీవితంలో నాకు అన్నిటికన్నా పెద్ద ధైర్యంగా కనిపించేది ఇదే.

ఆ విశ్వాసానికి వెంటనే ఖరీదు కట్టాల్సి వచ్చింది. శారదా సదన్‌లో మతబోధ ఉండదని మాట ఇచ్చారు. కానీ రమాబాయి తన గదిలో తలుపు తీసి ప్రార్థన చేసుకునేది, కొందరు పిల్లలు వచ్చి కూర్చునేవాళ్ళు. 1893లో పెద్ద గొడవ అయింది. తిలక్ పత్రిక కేసరి విమర్శించింది. రానడే, భండార్కర్ లాంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలామంది పిల్లల్ని ఇళ్ళకి తీసుకుపోయారు. నమ్మి బిడ్డల్ని పంపినవాళ్ళ భయం కూడా మనం అర్థం చేసుకోవాలి. ఆమె మాత్రం తలుపు మూయలేదు, మిగిలిన పిల్లలతో బడి నడిపింది.

1896లో మధ్య పరగణాల్లో కరువు. ఆ వార్త వినగానే తన పదహారో ఏడు గుర్తుకొచ్చింది. స్వయంగా వెళ్ళి ఆకలితో ఉన్న ఆడపిల్లల్ని, వితంతువుల్ని వందలమందిని తీసుకొచ్చింది. కేడ్‌గావ్‌లో కొన్న పొలమే వాళ్ళకి ఇల్లయింది. అదే ముక్తి. 1900 కరువు తర్వాత అక్కడ దాదాపు 2,000 మంది ఉండేవాళ్ళు. చదువు, నేత, వ్యవసాయం, అచ్చుపని అన్నీ నేర్పేవాళ్ళు. ఫుల్హామ్‌లో తను చూసినలాంటి ఆడవాళ్ళ కోసం కృపా సదన్ పెట్టింది. చూపు లేనివాళ్ళకి విడిగా ఒక ఇల్లు కట్టించి, సువార్తలో యేసు చూపు ఇచ్చిన గుడ్డివాడు బర్తిమయి పేరు దానికి పెట్టింది. మనోరమ బ్రెయిలీ లిపి నేర్చుకుని వాళ్ళకి చదువు చెప్పింది.

చివరి పదిహేనేళ్ళకి పైగా రమాబాయి ఒకే పనిలో మునిగింది. హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్ మొత్తాన్ని మరాఠీలోకి తెచ్చింది. అంతటి సంస్కృత పండితురాలు పెద్ద పెద్ద సంస్కృత మాటలు వదిలేసి, పల్లెటూరి ఆడమనిషికి అర్థమయ్యే మరాఠీ ఎంచుకుంది. ఆ కాలంలోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక తెలుగు కోసం పోరాడుతున్నారు. ఆయన పోరాటం బడిపిల్లల కోసం. ఈమె శ్రమ, ఒకప్పుడు తనకి మూసుకుపోయిన పుస్తకం ఇంకో ఆడదానికి మూసుకుపోకూడదని. అక్షరాలు కూర్చింది, అచ్చు వేసింది ముక్తిలోని ఆడవాళ్ళే.

1921లో మనోరమ చనిపోయింది. కన్న కూతురు పోయిన తర్వాత కూడా ఆ తల్లి ప్రూఫులు దిద్దుతూనే ఉంది. పని ముగింపుకి వచ్చాక, 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూసింది.

విశ్వాసం అనేది ఒక్కసారిగా దీపం వెలిగినట్టు వస్తుందని మనం అనుకుంటాం, రాకపోతే మనలో ఏదో లోపం ఉందనుకుంటాం. రమాబాయికి అది తెల్లవారినట్టు వచ్చింది. మొదట చీకటి పలచబడింది, తర్వాత దారి కనిపించింది, ఆ దారిలో పడిపోయిన మనుషులు కనిపించారు. వాళ్ళని లేపుతూ నడిచినకొద్దీ ఆమెకి ఇంకా స్పష్టంగా కనిపించింది.