మంచు తవ్విన గిన్నెలు

జాన్ మ్యూర్ అంటే అమెరికా అడవుల కోసం పోరాడిన పెద్దాయనగానే చాలామందికి తెలుసు. నాకు మాత్రం ఆయన ముందు మనలాంటి ఇంజనీర్. 1838లో స్కాట్లాండ్‌లో పుట్టి, 11 ఏళ్లకి ఇంట్లోవాళ్లతో అమెరికా వెళ్లారు. పొలం పనుల మధ్యే చెక్కతో గడియారాలు చేశారు. టైమ్ అవ్వగానే మనిషిని లేపి నిలబెట్టే మంచం కూడా! యూనివర్సిటీలో చేరారు కానీ డిగ్రీ పూర్తి చెయ్యలేదు. 1867లో ఫ్యాక్టరీలో ఆకురాయి జారి కుడికంట్లో గుచ్చుకుంది. వారాల తరబడి చీకటి గదిలో ఉన్నారు. చూపు తిరిగొచ్చాక యంత్రాలు వదిలేసి నడక మొదలుపెట్టారు.

1869 వేసవిలో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండల్లో గొర్రెల మంద వెంట వెళ్లారు. అంత ఎత్తులో, రాతిలో గిన్నెల్లాంటి చిన్న చిన్న సరస్సులు. వీటిని ఎవరు తవ్వారు? చుట్టూ రాళ్లు నునుపుగా ఉన్నాయి, వాటి మీద ఒకే దిక్కుకి గీతలున్నాయి. దిగువన రాళ్ల గుట్టలు. ఇది గ్లేసియర్ పనే అన్నారు మ్యూర్. కొండ ఒడిలో పేరుకున్న మంచు తన బరువుకే కిందికి కదులుతుంది. అడుగున ఇరుక్కున్న రాళ్లతో కొండని అరగదీస్తుంది, పగిలిన ముక్కల్ని పెకలిస్తుంది. అది కరిగాక ఆ గుంటే సరస్సు. అంచున మిగిలిన రాయో, మంచు మోసుకొచ్చిన రాళ్ల గుట్టో దానికి గట్టు.

యోసెమిటీ లోయ నేల కుంగిపోవడం వల్లే ఏర్పడిందని రాష్ట్ర జియాలజిస్ట్ జోసయా విట్నీ వాదన. గొర్రెలు కాసినవాడి మాటని ఆయన లెక్క చెయ్యలేదు. మ్యూర్ వాదించి ఊరుకోలేదు, కొలిచారు. 1871లో ఆ కొండల్లోనే బతికున్న గ్లేసియర్ కనిపెట్టారు. మరుసటి ఏడాది ఇంకో గ్లేసియర్‌లో కర్రలు పాతి చూస్తే, మధ్యలో మంచు 46 రోజుల్లో 47 అంగుళాలు జరిగింది! లోయ విషయంలో నదుల పాత్రని ఆయన తక్కువ అంచనా వేశారని తర్వాత తేలింది. సరస్సుల విషయంలో మాత్రం ఆయన మాటే నిలిచింది.

ఈ సరస్సులు శాశ్వతం కావని కూడా ఆయన గమనించారు. వాగులు తెచ్చే ఇసుక, ఒండ్రుతో మెల్లగా పూడి పచ్చికబయళ్లవుతాయి. అలాంటి పచ్చికతో నిండిన హెచ్ హెచీ లోయకి డ్యామ్ వద్దని ఏళ్లపాటు పోరాడారు. 1913లో ఓడిపోయారు, 1914లో చనిపోయారు. కొండ సరస్సుల పుట్టుక చెప్పిన మనిషి చివరి పోరాటం, ఒక సరస్సు పుట్టకూడదని.

మంచుకి వేల ఏళ్లు పట్టిన పని. మనకి ఒక గోడ చాలు.