ఆర్థర్ వార్టన్

ఆర్థర్ వార్టన్ (అక్టోబర్ 28, 1865 - డిసెంబర్ 13, 1930) ఇంగ్లండులో స్థిరపడిన ఆఫ్రికా సంతతి క్రీడాకారుడు. ప్రపంచంలో తొలి నల్లజాతి వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడిగా సాధారణంగా ఇతడినే పేర్కొంటారు. గోల్ కీపరుగా ప్రసిద్ధుడైన వార్టన్ పరుగుపందెంలో కూడా మేటి. 1886లో 100 గజాల పరుగులో ఇంగ్లండు విజేతగా నిలిచాడు. కొద్దికాలం పెద్ద జట్లకు ఆడినా, ఇతడి క్రీడాజీవితంలో అధికభాగం డార్లింగ్టన్, రోథర్‌హామ్, స్టేలీబ్రిడ్జ్, ఆష్టన్ వంటి చిన్న పట్టణాల క్లబ్బులలోనే గడిచింది. జీవిత చరమాంకంలో బొగ్గుగని కార్మికుడిగా పనిచేసి, కడు పేదరికంలో మరణించాడు. ఇతడి సమాధిపై 67 సంవత్సరాల పాటు పేరు చెక్కిన రాయి కూడా లేదు.

జననం, విద్యాభ్యాసం

వార్టన్ 1865 అక్టోబర్ 28న పశ్చిమాఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా) ప్రాంతంలో, అక్రా నగరానికి చెందిన జేమ్స్‌టౌన్‌లో జన్మించాడు. తండ్రి హెన్రీ వార్టన్ వెస్టిండీస్‌లోని గ్రెనడా ద్వీపం నుండి వచ్చిన మెథడిస్టు క్రైస్తవ మతబోధకుడు. ఆయన పూర్వీకులలో ఒకవైపు స్కాట్లండు వారు, మరొకవైపు ఆఫ్రికా సంతతి వారు ఉన్నారు. తల్లి అన్నీ ఫ్లారెన్స్ ఎగ్యిరిబా స్థానిక ఫాంటే రాజవంశానికి చెందినది. ఈ విధంగా మూడు ఖండాల సంబంధాలు గల కుటుంబంలో ఆర్థర్ పెరిగాడు.

కుమారుడిని కూడా తనవలెనే మతబోధకుడిని చేయాలన్నది ఆ కుటుంబపు ఆశయం. అందుకై 1880ల ఆరంభంలో ఆర్థర్‌ను ఇంగ్లండుకు పంపారు. మొదట స్టాఫర్డ్‌షైర్‌లోని కానక్ పట్టణంలోను, 1884 నుండి ఉత్తర ఇంగ్లండులోని డార్లింగ్టన్‌లో ఉన్న క్లీవ్‌లాండ్ కళాశాలలోను చదివాడు. అయితే చదువుకంటె ఆటలే ఇతడిని ఎక్కువగా ఆకర్షించాయి. ఫుట్‌బాల్, క్రికెట్, పరుగు, సైకిలు పందెం - అన్నింటిలోను ప్రవేశం సంపాదించాడు. మతబోధకుడు కావాలన్న సంకల్పం క్రమంగా మరుగున పడింది.

డార్లింగ్టన్ క్లబ్బులో

డార్లింగ్టన్ అప్పటికే రైలుమార్గాల చరిత్రలో పేరుపొందిన పట్టణం. 1825లో ఆవిరియంత్రంతో నడిచిన స్టాక్టన్ - డార్లింగ్టన్ రైలుమార్గం ఇక్కడిదే. ఈ పట్టణపు ఫుట్‌బాల్ క్లబ్బు 1883లో ఏర్పడింది. ఫీతమ్స్ అనే మైదానంలో, క్రికెట్ ఆటస్థలం పక్కనే, స్థానిక యువకులు ఆడుకునే అమెచ్యూరు జట్టు ఇది. 'ఫుట్‌బాల్ లీగ్' అనే వ్యవస్థ అప్పటికింకా పుట్టలేదు. జట్లు పరస్పరం స్నేహపూర్వక పోటీలు, జిల్లా కప్పు పోటీలు ఆడుకునేవి.

1885లో వార్టన్ ఈ జట్టుకు గోల్ కీపరయ్యాడు. ఒక చిన్న పట్టణపు క్లబ్బులో ఆడిన కొద్దికాలానికే ఇతడి పేరు ఉత్తర ఇంగ్లండంతా పాకింది.

పరుగుపందెంలో విజయం

1886 జూలై 3న లండనులోని స్టామ్‌ఫర్డ్ బ్రిడ్జ్ మైదానంలో జరిగిన అమెచ్యూర్ అథ్లెటిక్ అసోసియేషన్ పోటీలలో వార్టన్ 100 గజాల (91.44 మీటర్లు) పరుగును 10 సెకండ్లలో ముగించి ప్రథముడిగా నిలిచాడు. ఆ పోటీలలో ఎవరైనా 10 సెకండ్లలో ఆ దూరాన్ని దాటడం అదే మొదటిసారి. ఆ సంస్థ విజేతల పట్టికలో చేరిన తొలి నల్లజాతీయుడు కూడా ఇతడే. మరుసటి సంవత్సరం, 1887లో, ఈ బిరుదును తిరిగి నిలబెట్టుకున్నాడు.

ప్రెస్టన్ నార్త్ ఎండ్

ఈ ప్రతిభను చూసి నాటి మేటి జట్లలో ఒకటైన ప్రెస్టన్ నార్త్ ఎండ్ ఇతడిని తమతో చేర్చుకుంది. 1886-87లో ఆ జట్టు ఎఫ్.ఎ. కప్పులో సెమీఫైనల్ వరకు వెళ్ళి, వెస్ట్ బ్రామ్విచ్ ఆల్బియన్ చేతిలో 3-1 తేడాతో ఓడిపోయింది. 1888లో వార్టన్ ప్రెస్టన్‌ను విడిచి వెళ్ళాడు. అదే సంవత్సరం 12 క్లబ్బులతో ఫుట్‌బాల్ లీగ్ ప్రారంభమైంది. 1888-89లో ప్రెస్టన్ జట్టు ఒక్క ఓటమి కూడా లేకుండా లీగును, దానితోపాటు కప్పును గెలుచుకుని చరిత్రకెక్కింది. వార్టన్ మరొక్క ఏడాది అక్కడే ఉండివుంటే ఇతడి జీవితం వేరే విధంగా ఉండేదేమోనని చరిత్రకారులు భావిస్తారు.

వృత్తి క్రీడాకారుడిగా

ఆనాటి ఇంగ్లండులో 'అమెచ్యూరు', 'ప్రొఫెషనల్' అనే భేదం చాలా గట్టిది. డబ్బు తీసుకోకుండా ఆడేవాడు అమెచ్యూరు, తీసుకునేవాడు ప్రొఫెషనల్. ఫుట్‌బాల్‌లో జీతం తీసుకుని ఆడటాన్ని 1885లో మాత్రమే అధికారికంగా అనుమతించారు. డబ్బు కోసం పరుగెత్తినవాడికి అమెచ్యూరు పోటీల తలుపులు శాశ్వతంగా మూసుకుపోయేవి. కలవారి బిడ్డలకు అమెచ్యూరుగా ఉండటం గౌరవం. పరదేశంలో స్వయంగా జీవనోపాధి చూసుకోవలసిన వార్టన్ వంటివారికి అది భరించరాని ఖర్చు. 1888లో ఇతడు షెఫీల్డ్‌లో నగదు బహుమతుల పరుగుపందాలలో పాల్గొని, ఆ గీతను దాటాడు.

1889లో రోథర్‌హామ్ టౌన్ క్లబ్బు ఇతడిని జీతంపై గోల్ కీపరుగా నియమించుకుంది. వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడిగా ఇతడి జీవితం ఇక్కడ ఆరంభమైంది. రోథర్‌హామ్ టౌన్ అప్పుడు ఫుట్‌బాల్ లీగులో లేదు, మిడ్‌లాండ్ లీగులో ఆడేది. 1891-92, 1892-93లలో వరుసగా రెండుసార్లు ఆ లీగును గెలిచి, 1893లో ఫుట్‌బాల్ లీగు రెండవ డివిజన్‌లో స్థానం పొందింది. ఈ ఎదుగుదల కాలంలో వార్టన్ ఆ జట్టులోనే ఉన్నాడు. 1890లో ఎమ్మా లిస్టర్‌ను వివాహమాడాడు. ఆటతో పాటు మద్యశాలను కూడా నడిపాడు. ఆ రోజులలో క్రీడాకారులకు ఇది సాధారణమైన ఉపవృత్తి.

1894లో షెఫీల్డ్ యునైటెడ్ జట్టులో చేరాడు. కాని అక్కడ విలియం ఫోక్ అనే భారీకాయుడైన యువ గోల్ కీపరు ఇతడికి పోటీగా నిలిచాడు. 1895 ఫిబ్రవరిలో సండర్లాండ్‌పై ఆడిన ఆటతో ఇంగ్లండు మొదటి డివిజన్‌లో ఆడిన తొలి నల్లజాతి క్రీడాకారుడయ్యాడు. అయితే అవకాశాలు అంతకుమించి పెద్దగా రాలేదు. ఆ ఏడాదే రోథర్‌హామ్‌కు తిరిగివచ్చాడు. ఆ క్లబ్బు 1896లో లీగు నుండి తొలగి, తరువాత కనుమరుగైంది.

అటుపిమ్మట మాంచెస్టర్ నగరానికి తూర్పున ఉన్న నూలుమిల్లుల పట్టణాలకు తరలివెళ్ళాడు. స్టేలీబ్రిడ్జ్ రోవర్స్, ఆష్టన్ నార్త్ ఎండ్ అనే లీగేతర క్లబ్బులకు ఆడాడు. తరువాతి కాలంలో హడర్స్‌ఫీల్డ్, ఆర్సెనల్ జట్ల మేనేజరుగా ఖ్యాతిగాంచిన హెర్బర్ట్ చాప్మన్ కూడా యవ్వనంలో ఈ రెండు క్లబ్బులకు ఆడినవాడే. ఇటువంటి క్లబ్బులకు ప్రవేశ రుసుమే ప్రధాన ఆదాయం. కొన్ని వారాలు వాన పడినా, జట్టు కొన్ని ఆటలు ఓడినా జీతాలు ఆగిపోయేవి. 1899లో ఆష్టన్ నార్త్ ఎండ్ దివాలా తీయగా వార్టన్ మళ్ళీ స్టేలీబ్రిడ్జ్‌కు వెళ్ళాడు. చివరగా 1901-02లో రెండవ డివిజన్‌లోని స్టాక్‌పోర్ట్ కౌంటీకి ఆడి, 36 ఏళ్ళ వయసులో ఆట నుండి విరమించాడు.

ఆటతీరు

ఆ కాలపు గోల్ కీపరు పని నేటికంటె ప్రమాదకరమైనది. ఎదుటి జట్టువారు భుజంతో ఢీకొట్టి కీపరును గోలులోకి తోసివేయవచ్చు. 1891 వరకు గోలు వెనుక వల కూడా ఉండేది కాదు. వార్టన్ తన వేగంతోను, పిడికిలితో బంతిని చాలాదూరం కొట్టే నైపుణ్యంతోను ప్రసిద్ధుడయ్యాడు. ప్రేక్షకులను నవ్వించడం కూడా ఇతడికి ఇష్టం. ఒక ఆటలో గోలు పైకర్రను పట్టుకుని వేలాడుతూ బంతిని కాళ్ళ మధ్య ఇరికించి ఆపాడనీ, దూసుకువచ్చిన ఎదుటి ఆటగాళ్ళు తామే గోలులో పడ్డారనీ ఆ ఆట చూసిన ఒక ప్రేక్షకుడు అనేక దశాబ్దాల తరువాత ఒక పత్రికకు లేఖ వ్రాశాడు.

వర్ణవివక్ష

వార్టన్ ఆడిన కాలంలోనే ఐరోపా రాజ్యాలు ఆఫ్రికాను పంచుకున్నాయి (బెర్లిన్ సమావేశం, 1884-85). నల్లవారు శరీరబలంలోను, బుద్ధిబలంలోను తక్కువవారన్న వాదం విద్యావంతులలో కూడా ప్రబలంగా ఉండేది. ఇంగ్లండులోకెల్లా వేగంగా పరుగెత్తేవాడు ఒక ఆఫ్రికన్ కావడం ఆ వాదానికి సూటిగా తగిలిన దెబ్బ. పత్రికలు ఇతడి నైపుణ్యాన్ని మెచ్చుకుంటూనే శరీరవర్ణాన్ని హేళన చేసేవి. ఇతడిని ఇంగ్లండు జట్టుకు ఎన్నడూ ఎంపిక చేయలేదు. స్వదేశంలో ప్రభుత్వోద్యోగానికి దరఖాస్తు చేయగా, క్రీడలతో సంపాదించేవాడు వలస ప్రభుత్వాధికారిగా తగడని నిరాకరించారు. ఇంగ్లండులో ఆటగాడిగా ఎదిగినందువలన గోల్డ్ కోస్ట్‌లో పెద్దమనిషిగా బ్రతికే దారి మూసుకుపోయింది.

చివరి రోజులు

ఆట మానిన తరువాత వార్టన్ దక్షిణ యార్క్‌షైర్ బొగ్గుగనులలో పనికి కుదిరాడు. డాంకాస్టర్ సమీపంలోని ఎడ్లింగ్టన్ గ్రామంలో ఉన్న యార్క్‌షైర్ మెయిన్ గనిలో బొగ్గుబండ్లు తరలించే కార్మికుడిగా చాలాకాలం పనిచేశాడు. 1930 డిసెంబర్ 13న, 65 ఏళ్ళ వయసులో, క్యాన్సర్, సిఫిలిస్ వ్యాధులతో డాంకాస్టర్ వద్ద ఒక వైద్యశాలలో మరణించాడు. ఎడ్లింగ్టన్ శ్మశానంలో పేదలకు కేటాయించిన స్థలంలో, ఎటువంటి గుర్తూ లేకుండా ఖననం చేశారు.

పునః స్మరణ

20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో పరిశోధకులు ఇతడి జీవితాన్ని వెలికితీశారు. షెఫీల్డ్‌లో జాతివివక్షకు వ్యతిరేకంగా పనిచేసే 'ఫుట్‌బాల్ యునైట్స్, రేసిజం డివైడ్స్' అనే సంస్థ నిధులు సేకరించి, 1997లో సమాధిపై శిలాఫలకాన్ని నిలిపింది. 1998లో ఫిల్ వాసిలి వ్రాసిన జీవితచరిత్ర వెలువడింది. 2003లో ఇంగ్లండు ఫుట్‌బాల్ కీర్తిమందిరంలో వార్టన్‌కు స్థానం లభించింది. 2014 అక్టోబర్‌లో ఇంగ్లండు జాతీయ ఫుట్‌బాల్ శిక్షణ కేంద్రమైన సెయింట్ జార్జెస్ పార్కులో ఇతడి విగ్రహాన్ని ఆవిష్కరించారు. 2020లో డార్లింగ్టన్‌లో ఒక గోడపై ఇతడి భారీ వర్ణచిత్రం వెలసింది.

వార్టన్ ఆట నేర్చిన డార్లింగ్టన్ క్లబ్బు 1921లో ఫుట్‌బాల్ లీగులో చేరింది. 2010లో లీగు నుండి జారిపోయి, 2012లో ఆర్థికంగా కుప్పకూలింది. అభిమానులే పూనుకొని క్లబ్బు పుట్టిన సంవత్సరాన్ని పేరులో చేర్చి, 'డార్లింగ్టన్ 1883' అని దానిని పునరుద్ధరించారు. 2017లో పాత పేరు తిరిగి వచ్చింది.

'మొదటివాడు' అన్న విషయంపై

వార్టన్‌కు ముందే నల్లజాతి క్రీడాకారులు బ్రిటన్‌లో ఆడారు. నేటి గయానాలో జన్మించిన ఆండ్రూ వాట్సన్ 1881లోనే స్కాట్లండు జట్టుకు నాయకత్వం వహించి ఇంగ్లండును 6-1 తేడాతో ఓడించాడు. స్కాట్లండులోనే ఆడిన రాబర్ట్ వాకర్ అంతకంటె కూడా ముందువాడు. అయితే వీరు ప్రధానంగా అమెచ్యూరులు. 1887లో వాట్సన్ బూటిల్ క్లబ్బులో డబ్బు తీసుకుని ఆడివుండవచ్చునని కొందరి అభిప్రాయం. ఆటనే జీవనోపాధిగా చేసుకుని, సుదీర్ఘకాలం ఆడినట్లు స్పష్టంగా తెలుస్తున్న తొలి నల్లజాతి క్రీడాకారుడు వార్టన్ కనుకనే ఈ గౌరవం ఇతడికి దక్కింది.

ఆడిన ముఖ్యమైన క్లబ్బులు

* డార్లింగ్టన్ (1885 నుండి)
* ప్రెస్టన్ నార్త్ ఎండ్ (1886 - 1888)
* రోథర్‌హామ్ టౌన్ (1889 - 1894, తిరిగి 1895 నుండి)
* షెఫీల్డ్ యునైటెడ్ (1894 - 1895)
* స్టేలీబ్రిడ్జ్ రోవర్స్ (రెండు పర్యాయాలు)
* ఆష్టన్ నార్త్ ఎండ్ (1897 - 1899)
* స్టాక్‌పోర్ట్ కౌంటీ (1901 - 1902)