ఎమిలీ రోబ్లింగ్ దొరసాని – బ్రూక్లిన్ వారధి

యెరూషలేము ప్రాకారమును మరల కట్టినవారి పట్టికలో షల్లూము అను నతనితోకూడ అతని కుమార్తెలును పని చేసిరని నెహెమ్యా గ్రంథమువలన తెలియుచున్నది. అయితే ఆ కుమార్తెల పేర్లు అందు లేవు. గొప్ప కట్టడముల చరిత్రలయందు స్త్రీల సంగతి తరచుగ నిట్లే యుండును. అమెరికా దేశమున న్యూయార్కు, బ్రూక్లిన్ అను రెండు నగరములను కలిపిన మహావారధి చరిత్రయందు మాత్రము ఉద్యోగమును, జీతమును, బిరుదును లేని యొక స్త్రీ పేరు ప్రధాన ఇంజనీరు పేరుతో కలిసి నేటికిని వినబడుచున్నది. ఆమె ఎమిలీ వారన్ రోబ్లింగ్ దొరసాని. బాటలును వంతెనలును నిర్మించు వృత్తి పురుషులదే యని యెల్లరు తలంచిన కాలమున ఆమె యా భారమును పదునొకండు సంవత్సరములు మోసెను.

ఎమిలీ 1843వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన న్యూయార్కు రాష్ట్రములో హడ్సన్ నదీతీరమందలి కోల్డ్ స్ప్రింగ్ అను చిన్న పట్టణమున జన్మించెను. తలిదండ్రులకు కలిగిన పండ్రెండుగురు బిడ్డలలో ఈమె చిన్నవారిలో నొకతె. అన్నయగు గవర్నూర్ వారన్ ఈమెకంటె పదుమూడేండ్లు పెద్దవాడు. అతడు వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో చదివి, సేనలో ఇంజనీరై, అమెరికా అంతర్యుద్ధమున సేనానాయకుడుగా ప్రసిద్ధి కెక్కెను. చెల్లెలి తెలివిని గుర్తెరిగి ఆమెను వాషింగ్టన్ నగర సమీపమందలి జార్జిటౌన్‌లో కన్యాస్త్రీలు నడుపు పాఠశాలలో చదివించినవాడు ఈ యన్నయే. అచ్చట ఆమె సూదిపని, సంగీతముతో పాటు చరిత్ర, భూగోళము, బీజగణితము, రేఖాగణితము, జమాఖర్చుల లెక్కలు నేర్చుకొనెను. ఆడుపిల్లకు బీజగణితమెందుకని నాడును అడుగువారుండిరి. ఆ ప్రశ్నకు జవాబు వచ్చుటకు ఇంకను కొన్ని సంవత్సరములు పట్టెను.

1864లో ఆమె అన్నను చూచుటకు సైనిక శిబిరమునకు వెళ్లినప్పుడు, అతని క్రింద పని చేయుచున్న వాషింగ్టన్ రోబ్లింగ్ అను యువ ఇంజనీరుతో పరిచయమయ్యెను. 1865 జనవరి 18వ తేదీన వారికి వివాహము జరిగెను. మామగారగు జాన్ రోబ్లింగ్ జర్మనీనుండి వలస వచ్చి, ఇనుప తీగెలతో మోకులు పేనుట యందును, వానితో వ్రేలాడు వంతెనలు కట్టుట యందును అమెరికాలో అగ్రగణ్యుడైనవాడు. నయాగరా నదిమీద రైలుబండ్లు పోవు వ్రేలాడు వంతెనను 1855లో పూర్తి చేసినది ఆయనయే.

ఆ దినములలో న్యూయార్కు, బ్రూక్లిన్ వేరువేరు నగరములు. నడుమనున్న ఈస్ట్ నది పేరునకు నదియే గాని నిజమునకు పోటుపాటులు గల సముద్రపుపాయ. వేలకొలది జనులు ప్రతిదినము ఆవిరిపడవలమీద దాటి పనులకు పోవుచుండిరి. శీతకాలమున మంచుగడ్డలు క్రమ్మినప్పుడు పడవలు నిలిచిపోయెడివి. ఓడల కొయ్యలు తగులకుండునంత యెత్తున, నది నడుమ స్తంభము లేకుండ ఒక్క అంగలో దాటు వంతెన కావలెనని జాన్ రోబ్లింగ్ యోచించెను. ఇట్టి వంతెనకు నీటి అడుగున పునాదులు వేయు విధానమును తెలిసికొనుటకు 1867లో ఆయన కుమారుని ఐరోపాకు పంపెను. ఎమిలీయు భర్తతో వెళ్లెను. ఆ ప్రయాణములోనే, మామగారి జన్మస్థానమైన మ్యూల్‌హౌజెన్ పట్టణమున, వారి యేకైక కుమారుడు జన్మించెను.

1869 జూన్ నెలలో జాన్ రోబ్లింగ్ వంతెనస్థలమును కొలుచుచుండగా రేవునకు వచ్చిన పడవ తగిలి ఆయన పాదము నలిగెను. వైద్యుల మాట త్రోసివేయుటచే ధనుర్వాతము వచ్చి జూలై 22వ తేదీన ఆయన మరణించెను. ముప్పది రెండేండ్ల కుమారుడు ప్రధాన ఇంజనీరయ్యెను. 1870 జనవరిలో పని ప్రారంభమయ్యెను.

పునాదులు వేసిన విధము మన విద్యార్థులు తెలిసికొనదగినది. కుండను బోర్లించి నీటిలోనికి నొక్కినచో లోపల గాలి నిలిచి నీరు చొరదు గదా. అట్లే దుంగలతో చేసిన గొప్ప పెట్టెను బోర్లించి నదిలో దింపిరి. దీనికి కేసన్ అని పేరు. ఆవిరియంత్రములతో లోపలికి గాలిని బలముగా నెక్కించుచు నీటిని బయటికి నెట్టి, కూలీలు ఆ పెట్టెలో నిలిచి అడుగున నున్న మట్టిని, రాళ్లను త్రవ్వుచుండిరి. పైన రాతిస్తంభము పెరుగుకొలది ఆ బరువునకు పెట్టె దిగుచుండెను. బ్రూక్లిన్ వైపు 44 అడుగుల చిల్లర, న్యూయార్కు వైపు 78 అడుగుల చిల్లర లోతునకు దింపిరి.

లోతు పెరిగినకొలది ఒక క్రొత్త వ్యాధి తోచెను. గాలి ఒత్తిడిలో పని చేయువారి రక్తమున నత్రజని కరగి యుండును. వారు త్వరగా పైకి వచ్చినచో, సోడాబుడ్డి తెరచినప్పుడు బుడగలు పొంగునట్లు ఆ వాయువు రక్తములోను కండలలోను బుడగలై నిలుచును. భరింపరాని నొప్పులు, పక్షవాతము, కొందరికి మరణమును కలుగును. మెల్లమెల్లగా ఒత్తిడి తగ్గింపవలెనను సంగతి నాడు చక్కగా తెలియలేదు. కూలీలతో సమానముగ కేసన్‌లోనికి దిగుచుండిన వాషింగ్టన్ రోబ్లింగ్ ఈ జబ్బుచే 1872లో పడిపోయెను. అప్పటినుండి ఆయన శరీరము క్షీణించెను, కన్నులు మందగించెను, మనుష్యులతో కొంతసేపు మాటలాడుటయే కష్టమయ్యెను. అయినను బుద్ధి మాత్రము చెక్కుచెదరలేదు.

ఇక నేమి చేయవలెను? వంతెన సగములో నున్నది. దాని సూక్ష్మములన్నియు ఒక్క రోగి మనస్సులో నున్నవి. ఆ మనస్సునకు, పని జరుగుచున్న స్థలమునకు నడుమ ఎమిలీయే వారధి యయ్యెను. మొదట ఆమె భర్త చెప్పినదానిని వ్రాసి పెట్టుచుండెను. ఉత్తరములు చేరవేయుట మాత్రమే అయినచో నమ్మకమైన గుమాస్తా యెవడైనను చేయగలడు. కాని ఉప ఇంజనీర్లు ప్రశ్నలు వేసినప్పుడు, ఆ ప్రశ్న యేమో తెలియనివారు జవాబును తేలేరు. ఈ సంగతి గ్రహించి ఆమె చదువ మొదలిడెను. ఏ లోహము ఎంత బరువు నోర్చునో, ఏ భాగముమీద ఎంత లాగుడు పడునో నేర్చుకొనెను. రెండు గుంజలకు కట్టిన దండెము తనంత తాను పొందు వంపునకు గల గణితమును నేర్చుకొనెను. కన్యాస్త్రీల పాఠశాలలో నేర్చిన బీజగణితము ఇచ్చట అక్కరకు వచ్చెను.

దంపతులు బ్రూక్లిన్‌లో నది కనబడు ఇంట కాపురముండిరి. భర్త కిటికీయొద్ద దూరదర్శినితో పనిని చూచుచుండగా, భార్య పనిస్థలమునకు పోయి, పరీక్షించి, ఆజ్ఞలను వివరించి, తిరిగి వచ్చి వృత్తాంతము చెప్పుచుండెను. లెక్కల పుస్తకములు, ఉత్తరప్రత్యుత్తరములు ఆమె చేతనే నుండెను. ఉక్కు సామగ్రి తయారుచేయు కర్మాగారములవారు క్రొత్త రూపములను గూర్చి సందేహములతో వచ్చినప్పుడు, ఆమె పటము గీచి విశదపరచెనని ఆనాటి పత్రికలు వ్రాసినవి.

వంతెనను మోయు మోకులు నాలుగు. ఒక్కొక్కదానియందు అయిదు వేలకు పైగా ఉక్కు తీగెలు కలవు. ఆ తీగెలను ఒక దరినుండి మరియొక దరికి చక్రముమీద తీసికొనిపోయి పరచి, కట్టలు కట్టి, చివరకు ఒక్కటిగా బిగించిరి. 1878లో తీగె సరఫరా చేయు వర్తకుడు పరీక్షలో నెగ్గిన తీగెను చూపి, నాసిరకము తీగెను పంపుచున్న మోసము బయటపడెను. అప్పటికే మోకులలో చేరిన తీగెను తీయుటకు వీలులేక, ఒక్కొక్క మోకునకు సుమారు 150 తీగెలు అదనముగ చేర్చి బలము సరిచేసిరి. ఇట్టి చిక్కులన్నిటియందు ప్రధాన ఇంజనీరు నిర్ణయమును పనివారికి అందించినది ఎమిలీయే.

నిజమైన ఇంజనీరు ఆమెయే యని కొందరు పుకారు లేపిరి. అది సత్యము కాదు. వంతెన రూపము మామగారిది, నిర్మాణపు యోచన భర్తది. సమర్థులైన ఉప ఇంజనీర్లును ఉండిరి. పనిలో ప్రాణములు విడిచినవారు ఇరువదిమందికి తక్కువ లేరు. అయితే ఆమె లేనిచో ఆ యోచన రోగి మంచమువద్దనే నిలిచిపోయెడిది. ఆమె గౌరవమునకు ఈ సత్యమే చాలును, అతిశయోక్తి అక్కరలేదు.

1882లో కఠిన పరీక్ష వచ్చెను. ఏండ్ల తరబడి కంటికి కనబడని రోగి ప్రధాన ఇంజనీరుగా నుండుట తగదని బ్రూక్లిన్ నగరాధ్యక్షుడు సెత్ లో మొదలగువారు ఆయనను తొలగింప జూచిరి. ఎమిలీ భర్త పక్షమున అధికారులతో మాటలాడి, ఉత్తరములు వ్రాసి, ఆయన బుద్ధిబలము తరుగలేదని నచ్చజెప్పెను. ఆ సెప్టెంబరులో పాలకసంఘమువారు ఓట్లు తీసికొనగా ఏడింటికి పది ఓట్లతో ఆయన పదవి నిలిచెను.

వంతెన తెరచుటకు ముందే, బండి దాటినప్పుడు అదురు ఎట్లుండునో పరీక్షించుటకై ఎమిలీ గుఱ్ఱపుబండిలో మొట్టమొదట ఈ దరినుండి ఆ దరికి పోయెను. జయసూచకముగా ఒడిలో నొక కోడిపుంజును ఉంచుకొనెనని చెప్పుదురు. 1883 మే 24వ తేదీన ప్రారంభోత్సవము జరిగెను. దేశాధ్యక్షుడగు చెస్టర్ ఆర్థర్ స్వయముగా వచ్చి వంతెన దాటెను. రెండు స్తంభముల నడుమ 1,595 అడుగుల దూరముగల ఈ వంతెన అప్పటికి లోకమునందలి వ్రేలాడు వంతెనలన్నిటిలోను పొడవైనది. ఉత్సవమునకు రాలేని వాషింగ్టన్ రోబ్లింగ్‌ను అభినందించుటకు అధ్యక్షుడు ఆయన యింటికే వెళ్లెను. ఆనాటి ఉపన్యాసకుడైన ఏబ్రమ్ హ్యూయిట్, ఎమిలీ పేరును సభలో నెత్తి, ఆమె భర్తృసేవను మాత్రమే గాక, స్త్రీలకు చిరకాలము నిరాకరింపబడిన ఉన్నతవిద్యకు వారు తగుదురనుటకు ఈ వంతెన సాక్ష్యమని చెప్పెను.

పతిసేవకు మాదిరియని మాత్రమే యెంచి ఆమె చరిత్రను ఇచ్చట ముగించుట వాడుక. కాని ఆమె యచ్చట ఆగలేదు. ఏబదియైదేండ్లు దాటిన పిమ్మట న్యూయార్కు విశ్వవిద్యాలయమున స్త్రీల న్యాయశాస్త్ర తరగతిలో చేరి 1899లో యోగ్యతాపత్రమును పొందెను. వివాహిత స్త్రీకి చట్టమునందు గల లోపములను గూర్చి ఆమె వ్రాసిన వ్యాసమునకు బహుమానము లభించెను. భర్తకొరకు అంత చేసిన స్త్రీయే, భార్యకు చట్టము సమాన న్యాయము చేయుటలేదని వాదించెను. ప్రేమతో చేసిన సేవ వేరు, హక్కు లేకుండుట వేరు అని ఆమె యెరిగి యుండెను.

1903 ఫిబ్రవరి 28వ తేదీన, తన యేబదితొమ్మిదవ యేట, ఆమె కన్ను మూసెను. వ్యాధిగ్రస్తుడైన భర్త 1926వరకు జీవించెను. 1951లో ఆమె పేరు ముందుగా చెక్కిన ఫలకమును వంతెన స్తంభముపై నుంచిరి. 2021లో ఆ వంతెన క్రిందనే బ్రూక్లిన్ తీరమందలి ఉద్యానవనములో నొక ఆవరణమునకు ఆమె పేరు పెట్టిరి. వంతెనమీద నేటికిని ప్రతిదినము వేలకొలది జనులు రాకపోకలు సల్పుచున్నారు.

విద్యార్థినులారా, ఎమిలీ బాల్యమున బీజగణితము నేర్చునాడు అది దేనికి పనికివచ్చునో ఆమె యెరుగదు, నేర్పినవారును ఎరుగరు. అవసరము వచ్చిననాడు నేర్చుకొందమన్నచో అప్పటికి అక్షరములే రాకయుండెడివి. తలిదండ్రులారా, ఆడుపిల్లకు ఇంత చదువెందుకని తలంచి బడి మాన్పింపబోవునపుడు, చెల్లెలిని చదివించిన ఆ యన్నను జ్ఞాపకముచేసికొనుడు. ఆతడు యుద్ధములయందు పొందిన కీర్తిని నేడు కొలదిమందియే యెరుగుదురు. అతడు చదివించిన చెల్లెలు నిలిపిన వారధి నేటికిని జనులను దాటించుచున్నది.